వజ్రాల వేటకు ఏ నేల? కర్నూలు, అనంతపురం, కడపలో రాళ్లు వెతికేవాళ్లకు ఎంపిక సలహా

తొలకరి పడిందంటే చాలు, తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర, వజ్రకరూరు చుట్టుపక్కల ఎర్రచేలల్లో తల వంచుకుని నడిచే మనుషులు కనిపిస్తారు. గుంటూరు, ప్రకాశం వైపు నుంచి, అటు బళ్లారి నుంచి కూడా వస్తారు. గుళ్ల దగ్గరా చెట్ల కిందా వండుకుని వారాల తరబడి ఉండిపోయేవాళ్లూ ఉన్నారు. కొత్తగా వెళ్లాలనుకునేవాళ్లు ముందుగా "ఏ ఊళ్లో దొరుకుతాయి?" అని అడుగుతారు. నా లెక్కలో అది రెండో ప్రశ్న. మొదట అడగాల్సింది "ఎవరి నేలలో, ఎవరిని అడిగి వెతకాలి?" అని. సీమలో వజ్రాలున్న నేల చాలానే ఉంది. సరదాగా రాళ్లు ఏరుకునే మనిషి ధైర్యంగా అడుగుపెట్టగల నేల మాత్రం బాగా తక్కువ. అందుకే ఈ పోలికంతా నేల గురించే.

ఎక్కడ ఎందుకు దొరుకుతాయో మాత్రం కొంచెం తెలుసుకోవాలి. వజ్రకరూరు, లత్తవరం ప్రాంతాల్లో కింబర్లైట్ అనే రాయి ఉంది. దాదాపు 110 కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లోంచి గొట్టాల ఆకారంలో ఎగదన్నుకొచ్చి, తనతో పాటు వజ్రాల్ని పైకి తెచ్చింది. జియలాజికల్ సర్వే వాళ్లు దశాబ్దాలుగా దీని మీద పని చేస్తున్నారు. రెండోది బనగానపల్లె గులకరాతి పొర. బనగానపల్లె, మునిమడుగు, రామళ్లకోట దగ్గర పాతకాలంలో ఈ పొరను తవ్వే వజ్రాలు తీశారు. 17వ శతాబ్దంలో మన దేశమంతా తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాసిన వజ్రపు గని రామళ్లకోటేనని ఒక గట్టి అభిప్రాయం ఉంది. మూడోది పెన్న ఒడ్డున గులకరాళ్ల మేటలు. కడప నుంచి కర్నూలు పోయే దారిలో ఉన్న చెన్నూరు ఒకప్పుడు వీటికి పేరుపడ్డ ఊరే. గోల్కొండ వజ్రాలని లోకం పిలిచినవి గోల్కొండలో పుట్టినవి కావు. ఇలాంటి ఊళ్ల నుంచీ, కృష్ణ ఒడ్డు నుంచీ అక్కడి బజారుకు చేరినవి. ఈ మాట మన జిల్లాల పిల్లలకు బడిలో చెప్పాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇక చట్టం. దీన్ని దాటవేసి ఎంపిక గురించి మాట్లాడటం మోసం అవుతుంది. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం లైసెన్సు గానీ లీజు గానీ లేకుండా ఖనిజం కోసం అన్వేషణ చేయకూడదు, తవ్వకూడదు. తీసిన ఖనిజాన్ని నిల్వ చేయడానికీ రవాణా చేయడానికీ కూడా నిబంధనలున్నాయి. ఉల్లంఘిస్తే 5 ఏళ్ల దాకా జైలు, హెక్టారుకు 5 లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. వజ్రం ప్రధాన ఖనిజం కాబట్టి నేరుగా ఈ చట్టం కిందికే వస్తుంది. అగేట్, జాస్పర్ లాంటివి 2015 నుంచి చిన్న ఖనిజాలు. వాటి నిబంధనలు రాష్ట్రం చేతిలో ఉన్నాయి. పలుగురాయిని కూడా అప్పుడు చిన్న ఖనిజాల్లోనే చేర్చి, 2025లో మళ్లీ ప్రధాన ఖనిజం చేశారు. సరదాగా ఏరుకునేవాడికి ఈ చట్టంలో ప్రత్యేకంగా మినహాయింపు లేదు. నేల మీద కంటికి కనిపించిన రాయిని ఏరుకోవడాన్ని మన దగ్గర అధికారులు చాలావరకు చూసీ చూడనట్టు వదిలేస్తున్నారు. గడ్డపార, పార, జల్లెడ చేతికొచ్చిన క్షణం నుంచి ఆ పని తవ్వకమే. ఆ గీత ఎక్కడుందో మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

పట్టా చేను, రైతు అనుమతితో

నా ఓటు దీనికే. జొన్నగిరి, పగిడిరాయి, పెరవలి, తుగ్గలి వైపు దొరికే రాళ్లలో ఎక్కువ భాగం రైతుల చేలల్లోనే దొరుకుతాయి. వాన దుమ్మును కడిగేస్తుంది, పైమట్టి కొంచెం కొట్టుకుపోతుంది, గులకలు తేలతాయి. ఎండ ఏటవాలుగా పడే పొద్దున, సాయంత్రం వేళల్లో సూర్యుడికి ఎదురుగా నడిస్తే మెరిసే రాయి త్వరగా కంట పడుతుంది. దీనికి కళ్లు, ఓపిక ఉంటే చాలు, పనిముట్లు అక్కర్లేదు. అందుకే పైన చెప్పిన గీతకు అందరికన్నా ఇవతల ఉండేది ఈ పద్ధతిలో వెతికేవాళ్లే.

కాలం మాత్రం చాలా ఇరుకు. మొదటి వానలకూ విత్తనానికీ మధ్య ఉన్న కొద్ది రోజులే మనవి. పదునైన వాన పడగానే రైతు గొర్రు కట్టి బుడ్డలో, కందులో, ఆముదమో వేసేస్తాడు. విత్తిన తర్వాత ఆ చేనులో కాలు పెట్టడం అంటే అతని ఏడాది కష్టాన్ని తొక్కడమే. మొలకల మీద మనుషులు తిరిగి చాళ్లు చెరిగిపోతే నష్టపరిహారం ఇచ్చేవాడెవడూ ఉండడు. కొందరు రైతులు చేను గట్టున అడుగుపెట్టొద్దని బోర్డు పెడుతున్నారు. కొందరు రోజంతా కాపలా కూర్చుంటున్నారు. విత్తనాల పనికి కూలీలు కావాల్సిన సమయంలోనే ఊరు ఊరంతా రాళ్ల వెంట పడితే వాళ్లకు కోపం రావడంలో తప్పేముంది? సీమలో పదును ఒకటి తప్పిపోతే మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

అనుమతి అడగడం కష్టమేమీ కాదు. ఊళ్లోకి వెళ్లి, టీ కొట్టు దగ్గర ఆ చేను ఎవరిదో కనుక్కోండి. "అన్నా, మీ చేనులో కాసేపు రాళ్లు చూసుకుంటాం. తవ్వం. విత్తనం వేసేలోపే వెళ్లిపోతాం" అని చెప్పండి. పెద్దాయన అయితే "పెద్దాయనా" అనండి. రానివ్వకపోతే దండం పెట్టి పక్క చేనుకు పోండి. రెండో మాట మాట్లాడొద్దు. చేను కౌలుకు ఇచ్చి ఉంటే యజమానిని అడిగితే సరిపోదు. యజమాని హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటాడు, నష్టపోయేది కౌలు రైతు. ఇద్దరి మాటా తీసుకోండి.

దొరికితే ఎవరికి ఎంత అన్న మాట వెతకకముందే తేల్చుకోవాలి. సగం సగం అనుకుంటారో, రైతుదే అనుకుంటారో మీ ఇష్టం. రాయి చేతికొచ్చాక మొదలైన బేరం ఎప్పుడూ గొడవే అవుతుంది. నేల పట్టాదారుడిదే అయినా అందులోని ఖనిజాన్ని తీయడానికి లైసెన్సు కావాలన్న నిబంధన రైతుకూ వర్తిస్తుంది. కాబట్టి రైతు సరేనన్నంత మాత్రాన చట్టం కళ్లు మూసుకుందని అనుకోవద్దు. అనుమతి వల్ల అక్రమంగా చొరబడ్డారన్న మాట పోతుంది, ఊళ్లో మర్యాద మిగులుతుంది. ఈ రెండూ చిన్నవి కావు.

వజ్రకరూరు, లత్తవరం వైపా, జొన్నగిరి, తుగ్గలి వైపా అని అడిగేవాళ్లకు: కొత్తవాళ్లు జొన్నగిరి వైపే వెళ్లండి. అక్కడి ఊళ్లకు బయటివాళ్లు రావడం అలవాటు. గుత్తి, గుంతకల్లు, పత్తికొండ నుంచి చేరుకోవడం తేలిక. మధ్యాహ్నం ఎండకు ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలు చూసి రావచ్చు. ఆ బండలు రక్షిత కట్టడం, అక్కడ రాయి ముట్టుకోవద్దు. వజ్రకరూరు వైపు ఆకర్షణ వేరు. వజ్రం దొరక్కపోయినా ఎర్రటి పైరోప్ గార్నెట్, ఆకుపచ్చటి క్రోమ్ డయాప్సైడ్ లాంటి కింబర్లైట్ తోడురాళ్లు మట్టిలో చిన్న చిన్న గింజలుగా ఉంటాయి. రాయి పుట్టుక మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఆ గింజల్ని చూడటమే పెద్ద సంతోషం. సర్వే వాళ్లు పని చేసే స్థలాలకు, కంచె వేసిన చోట్లకు దూరంగా ఉండండి.

ప్రభుత్వ భూమి, వంకలు, గుట్టలు

"గవర్నమెంటు భూమే కదా, ఎవరేమంటారు?" అనే మాట చాలామంది నోట వింటాం. వంక పోరంబోకు, గుట్ట పోరంబోకు, మేత బీడు అన్నీ ప్రభుత్వ భూములే. ఊరివాళ్ల పశువులు మేస్తాయి, జనం నడుస్తారు. అంతమాత్రాన అక్కడి రాళ్లు తీసుకుపోయే హక్కు ఎవరికీ రాలేదు. సరదా వేటగాళ్లకని ప్రత్యేకంగా వదిలిన ప్రభుత్వ స్థలం మన మూడు జిల్లాల్లో ఎక్కడా లేదు. వానకు పారిన వంకలో నడుస్తూ ఒక గులకరాయి చూడటం, చేతిలో తిప్పడం వరకు ఎవరూ అడ్డు చెప్పరు. వంక గట్టు తవ్వి మట్టి జల్లెడ పట్టడం మొదలుపెడితే రెవెన్యూ వాళ్లూ, మైనింగ్ వాళ్లూ, పోలీసులూ ముగ్గురూ అడగగలరు.

చూడటానికి ప్రభుత్వ భూమిలా ఉండి రైతు సాగులో ఉన్న డి.పట్టా (ప్రభుత్వం పేదలకు సాగుకు ఇచ్చిన) నేలలు ఇక్కడ చాలా ఉన్నాయి. బీడుగా కనిపించిందని దిగిపోకండి. సర్వే నంబరు తెలిస్తే మీభూమి వెబ్‌సైటులో అడంగల్ చూసుకోవచ్చు, లేదంటే గ్రామ సచివాలయంలో అడగొచ్చు. డి.పట్టా అయితే అది సాగు చేసుకునే మనిషినే అడగాలి.

పట్టా చేనుతో పోలిస్తే ఈ దారిలో వాదన తక్కువ, నమ్మకం కూడా తక్కువ. అడ్డు చెప్పే మనిషి లేడు కాబట్టి అనుమతి ఇచ్చే మనిషీ లేడు.

అడవి

వద్దు. అక్కడ వెతికే దారే లేదు. రిజర్వు ఫారెస్టులో రాయి తీయడం నేరం, అభయారణ్యమైతే ఇంకా పెద్ద నేరం. కడప వైపు పాలకొండలు, శేషాచలం, లంకమల అంతా ఎర్రచందనం ఉన్న అడవి. చేతిలో గడ్డపారతో, వీపు మీద సంచితో కనిపించిన మనిషిని రాళ్ల కోసం వచ్చాడని ఎవరూ నమ్మరు. లంకమల అడవికి మరో గౌరవం కూడా ఉంది. అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనిపించింది ఆ చుట్టుపక్కలే. అది నేల మీదే తిరిగే అరుదైన పక్షి. రాళ్ల కోసం పొదల్లో తిరిగే అడుగుల కింద ఏం నలుగుతుందో ఆలోచించండి.

పెన్న ఒడ్డు

చెన్నూరు పేరు విని పెన్నకు వెళ్లేవాళ్లకు వజ్రం మీద ఆశ పెట్టుకోవద్దనే చెబుతాను. పాత రోజుల్లో వజ్రాలు తీసింది తవ్వి, కడిగి, వందల మంది కూలీలతో. ఒడ్డున షికారు చేసే మనిషికి ఆ గులకలు అంత తేలిగ్గా లొంగవు. కానీ రంగురాళ్ల అందం తెలిసినవాళ్లకు ఏటి గులకల్లో చూడదగ్గవి ఉంటాయి. ఎర్రటి జాస్పర్, బూడిద రంగు చెకుముకి రాయి, నున్నగా అరిగిన పలుగురాయి. పిల్లలతో వెళ్లడానికి నాకు నచ్చిన చోటు ఇదే. ఏటి గర్భం ప్రభుత్వానిదే కాబట్టి చూసి, ఫొటో తీసి, అక్కడే వదిలేయడం ఉత్తమం. ఇసుక తీసిన గుంతలు నీళ్ల కింద కనపడవు. ఏట్లో నీళ్లుంటే దిగనివ్వకండి.

క్వారీ వ్యర్థాలు

తాడిపత్రి, బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు నాపరాళ్ల క్వారీల పక్కన పనికిరాని రాళ్ల గుట్టలు కొండల్లా పెరిగి ఉంటాయి. సున్నపురాయి పగుళ్లలో తెల్లటి కాల్సైట్ పలకలు దొరుకుతాయి. వీటికి పెద్దగా మార్కెట్ విలువ లేదు. ఖనిజ స్ఫటికం అంటే ఏమిటో పిల్లలకు చూపించడానికి మాత్రం ఇంతకన్నా మంచి రాయి లేదు. పగలగొట్టిన ప్రతి ముక్కా వాలుగా ఉన్న అదే పెట్టె ఆకారంలో విడిపోతుంది. పాత కడప జిల్లా మంగంపేట ముగ్గురాయి అయితే చేతిలోకి తీసుకోగానే దాని బరువుకు ఎవరైనా ఆశ్చర్యపోతారు.

క్వారీకి లీజుదారు ఉంటాడు, మేనేజరు ఉంటాడు. అనుమతి ఇవ్వాల్సింది ఒక్క మనిషే కాబట్టి అడగడం సులువు. సెలవు రోజున, పేలుళ్లు లేని వేళ, గోడల కిందికి పోకుండా పక్కన పడేసిన గుట్ట దగ్గర మాత్రమే చూస్తామని చెబితే చాలామంది కాదనరు. ఒక్క హెచ్చరిక మాత్రం చెప్పాలి. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లి వైపు పాత గనుల్లో రాతినార (ఆస్బెస్టాస్) ఉంది. తెల్లగా, పట్టు దారాల్లా మెరుస్తూ చాలా అందంగా ఉంటుంది. ఆ పోగుల దుమ్ము ఊపిరితిత్తులను పాడు చేస్తుంది, క్యాన్సర్ తెస్తుంది. ముట్టుకోవద్దు, ఇంటికి తేవద్దు, పిల్లల చేతికి అసలే ఇవ్వొద్దు.

తవ్వే ఆశ ఉంటే పన్నా

మట్టి తవ్వి, కడిగి, జల్లెడ పట్టి వజ్రం కోసం చూడాలన్న కోరిక బలంగా ఉన్నవాళ్లకు మన జిల్లాల్లో చట్టబద్ధమైన దారి లేదు. మధ్యప్రదేశ్‌లోని పన్నాలో ఉంది. అక్కడి వజ్రాల కార్యాలయం 8 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు ఉన్న చిన్న స్థలాన్ని ఏడాదికి 200 రూపాయల రుసుముతో మామూలు జనానికి ఇస్తోంది. దొరికిన రాయిని ఆఫీసులో జమ చేయాలి. వాళ్లు తూకం వేసి, వేలం పెట్టి, రాయల్టీ, పన్ను కింద సుమారు 12 శాతం పట్టుకుని మిగతాది దొరికినవాళ్లకు ఇస్తారు. నెలల తరబడి తవ్వి ఖాళీ చేతులతో తిరిగొచ్చేవాళ్లే ఎక్కువ. దూరం, ఖర్చు, శ్రమ అన్నీ ఉన్నాయి. కానీ అక్కడ దొరికిన రాయిని దాచుకుని తిరగనక్కర్లేదు, రసీదు చేతికొస్తుంది.

అమెరికాలోని అర్కన్సాస్ రాష్ట్రంలో ఇంకో అడుగు ముందుకేశారు. వజ్రాలున్న సుమారు 37 ఎకరాల చేనును 1972లో ప్రభుత్వ పార్కుగా చేశారు. టికెట్ కొని లోపలికెళ్లిన ఎవరైనా వెతకొచ్చు, దొరికింది ఇంటికి తీసుకుపోవచ్చు. మట్టిని వాళ్లే అప్పుడప్పుడు దున్నిస్తారు. ఇలాంటిది జొన్నగిరి దగ్గరో వజ్రకరూరు దగ్గరో ఒక్క చిన్న ప్రభుత్వ స్థలంలో పెట్టినా రైతుల చేల మీద ఒత్తిడి సగం తగ్గుతుందని నా గట్టి నమ్మకం. ఊరికి టికెట్ ఆదాయం వస్తుంది, అమ్మకం వెలుగులో జరుగుతుంది. మన ఎమ్మెల్యేలను, గనుల శాఖను జనం అడగాల్సిన విషయం ఇది.

రాయి దొరికితే

మెరిసిందల్లా వజ్రం కాదని అందరూ అంటారు, ఎలా తేల్చుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. మన చేలల్లో మోసం చేసేది ఎక్కువగా పలుగురాయే. దాని సాంద్రత 2.65, వజ్రానిది 3.52. ఒకే సైజు రెండు రాళ్లుంటే వజ్రం బరువుగా తగులుతుంది. ముడి వజ్రం తరచూ రెండు పిరమిడ్లు అడుగు అడుగు అతికించినట్టు ఎనిమిది ముఖాలతో, అంచులు గుండ్రంగా అరిగి, నూనె రాసినట్టు మెరుస్తుంది. సుత్తితో కొట్టి చూడటం అన్నిటికన్నా చెడ్డ పరీక్ష. వజ్రం గీతకు లొంగదు, దెబ్బకు మాత్రం తన పొరల వెంట చీలిపోతుంది. దుకాణాల్లో ఉండే వేడి పరీక్ష పెన్ను కొంతవరకు నమ్మొచ్చు. మొయిసనైట్ అనే కృత్రిమ రాయిని కూడా వజ్రమేనని చూపించే పెన్నులూ ఉన్నాయి కానీ, చేలో ఏరిన రాయికి ఆ భయం అక్కర్లేదు.

అమ్మకం దగ్గరే ఎక్కువమంది దెబ్బ తింటారు. సీజన్లో దళారులు ఊళ్లలోనే తిరుగుతుంటారు. "ఇప్పుడే ఇచ్చెయ్యి, బయట తెలిస్తే పోలీసులు వస్తారు" అని భయపెట్టి కారుచౌకగా తీసుకుంటారు. బిల్లు ఉండదు, తూకం వాళ్లదే, మాట వాళ్లదే. అనుమతి లేని చోట ఏరిన మనిషికి ఆ భయం నిజంగానే ఉంటుంది కాబట్టి బేరం ఆడలేడు. రైతు సమక్షంలో, అతని అనుమతితో దొరికిన రాయి అయితే ఇద్దరూ కలిసి తూకం వేయించుకోవచ్చు, ఒకరికి బదులు ముగ్గురికి చూపించొచ్చు, గనుల శాఖ ఆఫీసుకు వెళ్లి ఏం చేయాలో అడగొచ్చు. ఒక క్యారట్ అంటే 0.2 గ్రాము. చిన్న ఎలక్ట్రానిక్ కాటా మీ దగ్గరే ఉంటే సగం మోసం అక్కడే ఆగుతుంది.

ఎవరికి ఏది

ఒక్క ఆదివారం చేతిలో ఉండి, ఇంటిల్లిపాదీ వెళ్లాలంటే పెన్న ఒడ్డుకో, ముందుగా ఫోన్లో అడిగిపెట్టుకుని తాడిపత్రి వైపు క్వారీకో వెళ్లండి. రెండు మూడు రోజులు పెట్టగలిగి, వజ్రాల నేల మీద నడిచామన్న తృప్తి చాలనుకునేవాళ్లు జూన్ మొదట్లో జొన్నగిరి వైపు ఒక రైతును పరిచయం చేసుకుని వెళ్లండి. రాళ్ల శాస్త్రం నేర్చుకోవాలనుకునే విద్యార్థులకు వజ్రకరూరు. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం జియాలజీ విభాగాల వాళ్లతో కలిసి వెళ్లగలిగితే అంతకన్నా మంచి దారి లేదు. చేతులతో తవ్వాల్సిందేనంటే పన్నాకు దరఖాస్తు పెట్టండి. అప్పు తీర్చడానికో, ఇల్లు కట్టడానికో వజ్రం దొరుకుతుందని ఉద్యోగం మాని వెళ్లాలనుకునేవాళ్లకు ఈ మూడు జిల్లాల్లో నేను చూపించగల చోటు లేదు. దొరికిన ఒక్కరి వార్త పేపర్లో వస్తుంది, దొరకని వందల మంది వార్త రాదు.

తొలకరి వానలతో పాటు పిడుగులూ వస్తాయి. బయలు చేలో నిలబడ్డ మనిషే అక్కడ అందరికన్నా ఎత్తు. ఉరుము వినపడగానే చెట్టు కిందికి పోకుండా ఊళ్లోకి వచ్చేయండి, ఫోన్లో పిడుగుల హెచ్చరిక ఇచ్చే దామిని యాప్ పెట్టుకోండి. చెప్పుల బదులు చీలమండ దాటే బూట్లు వేసుకోండి, రక్తపింజరలు తిరిగే కాలం అదే. తెచ్చుకున్న నీళ్ల సీసాలు, బిస్కెట్ కవర్లు చేలో వదిలితే అవి గుంటకకు చుట్టుకుంటాయి. సాయంత్రం వెళ్లే ముందు ఆ రైతుకు కనిపించి, ఏం దొరికిందో ఏం దొరకలేదో చెప్పి వెళ్లండి. వచ్చే ఏడాది అదే చేనుకు వెళ్లాలనుకుంటే ఫోన్ నంబరు తీసుకోండి.